లాలపోసేవారికి ఎవరు చెబుతారు?

సంపాదకులకు,

కాన్పయి ఇంటికి పంపేటప్పుడు పసిబిడ్డ ఒంటి శుభ్రం గురించి ఆసుపత్రిలో చెప్పే నాలుగు ముక్కలూ బాలింతకే చెబుతారు. మన గుంటూరు, విజయవాడ ఇళ్ళలో మొదటి మూడు నెలలూ లాలపోసేది మాత్రం అమ్మమ్మో, పొద్దున్నే వచ్చి నూనె రాసి స్నానం చేయించి వెళ్ళే మనిషో. పీట మీద కాళ్ళు చాపుకుని బిడ్డను వేసుకునే ఆవిడ చెవిన ఆ మాటలు పడవు. పెద్దవాళ్ళను కాదనే చొరవ బాలింతకు ఉండదు. పిల్లల ఓపీలో మేం చూసే చర్మం బాధల్లో చాలావాటికి మూలం అక్కడే.

నీళ్ళతోనే మొదలవుతుంది. రోజూ వేన్నీళ్ళలో పెట్టే చేతికి వేడి తెలియదు. ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత వేన్నీళ్ళు కలిపి, మోచెయ్యి ముంచి చూడాలి. 37 డిగ్రీల దగ్గర ఉంటే చాలు, అంటే మోచేతికి వేడిగానూ చల్లగానూ అనిపించకూడదు. స్నానం అయిదు నిమిషాలు, మహా అయితే పది. పుట్టిన 24 గంటల లోపు అసలు స్నానమే వద్దు. ఒంటి మీద తెల్లటి జిడ్డు ఉంటే ఉండనివ్వండి, అది చర్మాన్ని కాపాడేదే. బొడ్డు ఊడే దాకా, అంటే వారం రెండు వారాలు, తడిగుడ్డతో తుడిస్తే సరి. బొడ్డు మీద పసుపు, విబూది, పౌడరు, ఏదీ పెట్టకూడదు. చుట్టూ ఎర్రబడినా, వాసన వచ్చినా, చీము కనిపించినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఇక నలుగు. నూగు పోవాలని సున్నిపిండితో రుద్దుతారు. ఆ నూగు కొన్ని వారాల్లో దానంతటదే రాలిపోతుంది. పసిచర్మం మనదానికంటే పలచన. బరక పిండికి కంటికి కనపడని గీతలు పడి, వాటిలోంచి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. పిండి అసలు ఎక్కడ మిగులుతుందో చూడాలంటే బిడ్డ గడ్డం మెల్లగా పైకెత్తండి. మెడ మడతలో పిండి, కారిన పాలు, చెమట కలిసి ముద్ద కట్టి, పుల్లటి వాసనతో, కింద చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి ఉంటుంది. చంకలు, గజ్జలు, చెవుల వెనకా ఇంతే. పాత మల్లుగుడ్డతో అద్ది తడి తీయాలి, రుద్దకూడదు. స్నానం మొత్తంలో జాగ్రత్తగా చేయాల్సిన పని ఇదొక్కటే అన్నా తప్పులేదు. మామూలు సబ్బు క్షారం, చర్మం కొద్దిపాటి ఆమ్లం. అందుకే వాసన లేని, ఘాటు లేని పిల్లల సబ్బు వారానికి రెండు మూడుసార్లు, అదీ మడతలకూ పిరుదులకే.

నూనె రాయడంలో తప్పు లేదు. కొబ్బరినూనె రెండు టీస్పూన్లు చాలు, ఎండాకాలంలో స్నానానికి ముందే రాసి జిడ్డు పోనివ్వాలి. ఇప్పుడు ఎవరు చూడ్డానికి వచ్చినా ఆలివ్ నూనె సీసా తెస్తున్నారు. అది చర్మం పై పొరను బలహీనపరుస్తుంది, వంటకు వాడుకోండి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం మాత్రం ప్రమాదం. ముక్కులో వేసింది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. మగైనా ఆడైనా బిడ్డ రొమ్ములు ఉబ్బితే పిండకూడదు. అది తల్లి హార్మోన్ల వల్ల వచ్చినది, దానంతటదే పోతుంది. పిండితే చీము పడుతుంది. కాటుక, గది మూసి వేసే సాంబ్రాణి పొగ, రెండూ వద్దు.

రోహిణికార్తెలో ఒళ్ళు పేలిందని పౌడరు దట్టంగా చల్లుతారు. పేలడమంటే చెమట గ్రంథుల నోళ్ళు మూసుకుపోవడం. చెమటలో తడిసిన పౌడరు వాటిని ఇంకా మూస్తుంది, పైగా ఆ ధూళి బిడ్డ పీలుస్తుంది. మే నెలలో టోపీ, మేజోళ్ళు, దుప్పటి చుట్టి ఫ్యాన్ ఆపేస్తే పేలక ఏమవుతుంది? పలచటి నూలు చొక్కా, నేరుగా తగలని గాలి, సాయంత్రం తడిగుడ్డతో ఇంకోసారి తుడవడం, ఇదే వైద్యం. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల లెక్క వేరు. వాళ్ళకు డాక్టరు చెప్పినట్టే.

డైపర్ మూడు నాలుగు గంటలకోసారి మార్చాలి, విరేచనం అయితే వెంటనే. దూది, గోరువెచ్చని నీళ్ళతో, ఆడపిల్లకు ముందు నుంచి వెనక్కి తుడిచి, ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీము మందంగా పూయాలి. మడతల లోపల కూడా ఎర్రబడి, చుట్టూ చిన్న చిన్న ఎర్రచుక్కలు ఉంటే అది ఫంగస్, మందు వేరు. మెడికల్ షాపులో అడిగి తెచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు ఎరుపు తగ్గినట్టుండి తిరగబెడుతుంది, చర్మమూ పలచబడుతుంది. ఎక్కడైనా చీముపొక్కులు వచ్చినా, బిడ్డ పాలు మానేసినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మా విన్నపం రెండు చోట్లకు. గుంటూరు కొత్తపేట, విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల వారు డిశ్చార్జి రోజున అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి, బొమ్మతోనైనా సరే, ఓ పావుగంట స్నానం చేయించి చూపించాలి. ఆశా కార్యకర్తలు ఎలాగూ 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో పసిబిడ్డను చూడాల్సిందే. అందులో బొడ్డు ఊడిన తర్వాతి సందర్శన ఒక్కటైనా లాలపోసే వేళకు పెట్టుకోమని వైద్యాధికారులు చెప్పాలి. మధ్యాహ్నం వెళితే కనిపించేది పడుకున్న బిడ్డే.

— పిల్లల వార్డు నర్సులు, గుంటూరు