నల్ల కారు మీద తూనీగలు

రాజిగా,

ఉత్తరం రాయక రెండు నెలలైంది. తిట్టు, పడతాను. అమ్మ మోకాళ్లు, చెల్లి పరీక్షలు, వరికి తెగులు అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఇప్పుడు అమ్మ నడుస్తోంది, చెల్లి పాసైంది, వరి పొట్ట మీదుంది. ఇంటి సంగతులు ఇంతే. నిన్నటి ముచ్చట నీకు చెప్పకపోతే మాత్రం నాకు నిద్ర పట్టేలా లేదు.

దసరా కదా, అన్న కొత్త కారుకు పూజ చేయించాం. నల్లది. పొద్దుగాలే కడిగి, పాలిష్ పెట్టి, ముఖం కనపడేలా తుడిచాడు. సాయంత్రం జమ్మికి పోయి వస్తూ చెరువు కట్ట మీద ఆగాం. ఈసారి చెరువు అలుగు దుంకుతోంది, నువ్వు చూడాల్సిందిరా! అంతలో వదిన పిలిచింది, 'ఈ తూనీగ బానెట్‌ను కుడుతోందేంటి' అని.

కుట్టడం కాదు. జంట తూనీగలు. మగది ఆడదాని మెడ పట్టుకుని ఉంది. ఆడది తోక కొనతో టప్ టప్‌మని బానెట్‌ను తాకి లేస్తోంది, మళ్లీ వాలుతోంది. వంగి చూస్తే తాకిన చోటల్లా కనీకనపడని చుక్కలు. గుడ్లురా! చేయి పెడితే రేకు చుర్రుమంది. ఇరవై అడుగుల్లో నిండు చెరువు పెట్టుకుని ఇక్కడెందుకు?

ఏం తోచక డిక్కీలోని పాత బొంత తెచ్చి కప్పేశాను. రెండు చుట్లు తిరిగి నీళ్ల మీదికి పోయాయి! పెట్టిన గుడ్లను సీసా నీళ్లతో మోదుగాకులోకి కడిగి చెరువులో వదిలాను. బతికాయో లేదో.

రాత్రి కూర్చుని దీని గురించి చదివాను. ఇంటర్‌లో మనల్ని ఏడిపించిన పోలరైజేషన్ గుర్తుందా, అదే ధ్రువణం, వెలుగు ఒకే దిక్కుగా కంపించడం? నీళ్ల మీద నుంచి తిరిగొచ్చే వెలుగు అడ్డంగా కంపిస్తుంది. ఆ తేడా మన కంటికి ఆనదు, తూనీగ కంటికి ఆనుతుంది. దానికి నీళ్ల ఆనవాలు అదే. నున్నటి నల్ల రంగు మీద నుంచి వచ్చే వెలుగూ అలాంటిదే, నీళ్లకంటే గట్టిగా కూడా. అంటే దానికి మా బానెట్ చెరువును మించిన చెరువు. హంగేరీ వాళ్లు 2006లోనే తేల్చారు, ఎర్ర కార్లు, ముదురు రంగు కార్లు నీటి పురుగులను ఎక్కువగా లాగుతాయని. తెల్లవి తక్కువ. తారు రోడ్లు, సోలార్ పలకలూ నల్ల కార్లలాగే లాగుతాయి. 2009లో దీనికి ధ్రువిత కాంతి కాలుష్యం అని పేరు పెట్టారు. పొగ, కంపు, మురికి ఏదీ ఉండదు. ఎంత తళతళలాడితే అంత కాలుష్యం! మన రామగుండం రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల పలకలు తేలుతున్నాయి కదా, మరి అక్కడ ఇవి... సరే, అది ఇంకోసారి.

చిన్నప్పుడు తూనీగలకు దారాలు కట్టి మనం నడిపిన ఎయిర్‌పోర్టు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ఆ ఊదారంగు దారం ఎవరి డబ్బాలోదో నీకూ నాకే తెలుసు.

బొంతతో పాలిష్ మీద గీతలు పడతాయని అన్నకు టెన్షన్. చెరువు దగ్గర ఆపితే కప్పాల్సిందేనని గట్టిగా చెప్పాను. ఊఁ అన్నాడు. నీ కారు తెల్లదే కదా? లేక ఆ... అన్న హారన్ కొడుతున్నాడు, పోస్టు డబ్బా తీసే టైమైంది. బొంత డిక్కీలో ఉందో లేదో చూడాలి. ఉంటా.

నీ
పైలట్ నంబర్ టూ