మన్రోలప్ప కథ సగమే చెప్పకండి

ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రిగారికి నమస్కారం.

మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ థామస్ మన్రో పత్తికొండలో కలరాతో కన్నుమూసి 2027 జులై 6కి 200 ఏళ్లు. ఆ రోజును దండలు వేసి సరిపెట్టవద్దని మనవి చేయడానికే ఈ లేఖ.

రాయలసీమలో ఆయన పేరు మిగతా దొరల పేర్లలాంటిది కాదు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మంత్రాలయం మఠం భూముల విచారణకు వెళ్తే రాఘవేంద్రస్వామి ఆయనొక్కడికే కనబడి మాట్లాడారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ అభిమానం ఊరికే పుట్టలేదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలాలకు (నేటి సీమ, బళ్లారి ప్రాంతాలకు) కలెక్టరుగా వచ్చి, ఏడేళ్లు గుడారాల్లో ఉంటూ ఊరూరూ తిరిగాడు. పొలం పొలం కొలిపించాడు. శిస్తు నాలుగో వంతు తగ్గించమని 1807లో పైవాళ్లకు రాశాడు కూడా.

కానీ ఆ కొలతల మీద కట్టిన శిస్తు పంటలో దాదాపు సగం. వాన నమ్మకం లేని మెట్టపొలం మీద సగమంటే రైతుకు ఏం మిగులుతుంది? మద్రాసు ప్రెసిడెన్సీలో వసూళ్ల పేరిట సాగిన హింసలను 1855 నాటి విచారణ నివేదిక బయటపెట్టింది. కర్రల మధ్య వేళ్లు పెట్టి నొక్కేవారు. మెడకూ కాలికీ తాడు బిగించి, మనిషిని వంచి ఎండలో నిలబెట్టేవారు. అవి మన్రో చేయించినవి కావు, ఆయన పోయాక చాలాకాలానికి వెలుగుచూసినవి. అయితే మన్రో తెచ్చిన రైత్వారీ పద్ధతి, అంటే సర్కారు నేరుగా రైతు దగ్గరే శిస్తు కట్టించుకునే ఏర్పాటు, గొప్పతనం చెప్పేటప్పుడు ఆ రైతుల్ని వదిలేయడం అన్యాయం.

ఊళ్ల మీద పెత్తనం చేసిన స్థానిక నాయకులైన పాలెగాళ్ల సంగతీ అంతే. 80 మంది దాకా ఉన్న పాలెగాళ్ల బలం ఆయన హయాంలోనే విరిగింది, కొందరికి పింఛన్లు మిగిలాయి. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి పోవడంతోనే ఆయన పింఛను ఆగిపోయింది. ఆయన మనవడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడ్డాడు. మరుసటి ఏడు కోయిలకుంట్లలో ఉరితీసి, తలను 1877 దాకా కోటకు వేలాడదీశారు. ఓర్వకల్లు విమానాశ్రయానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

విగ్రహాలు తీసేయమని నేను అడగడం లేదు. పత్తికొండలోనూ, మొదట ఆయన్ను ఖననం చేసిన గుత్తిలోనూ తెలుగులో ఫలకాలు పెట్టించండి. మంత్రాలయం కథ, శిస్తు లెక్క, పాలెగాళ్ల పేర్లు ఒకేచోట ఉండాలి. రాయించే ముందు కర్నూలు, అనంతపురం, కడప చరిత్ర అధ్యాపకులను కూర్చోబెట్టి మాట్లాడండి. 2027 జులైకి పని పూర్తి కావాలంటే ఇప్పుడే ఉత్తర్వు ఇవ్వాలి.

ఇట్లు,
సీమ చరిత్ర బోధించే ఒక ఉపాధ్యాయుడు