ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

మా పాప మోచేతి మీద గోరంత ఎర్రటి మచ్చ లేచింది. ఐదేళ్లలో అరచేయంత అయింది. అంచులు గట్టిగా ఉబ్బి ఉంటాయి, చొక్కా చెయ్యి రాసుకుంటే చాలు రసి కారుతుంది. ఆయింట్‌మెంట్లు మార్చారే గానీ, రోగనిరోధక శక్తి సంగతి ఎవరూ అడగలేదు. చివరికి తెలిసింది, అది పుట్టుకతో వచ్చిన లోపమని. గడ్డ నుంచి తీసిన ముక్కలో రుబెల్లా టీకా వైరస్ కనబడింది.

ఆర్‌ఏ 27/3 అనే ఆ బలహీనపరిచిన వైరస్‌ను ఆరోగ్యవంతుల శరీరం కొద్ది వారాల్లో తుడిచేస్తుంది. టి కణాలు (వైరస్‌లతో పోరాడే తెల్ల రక్తకణాలు) సరిగా లేనివారిలో అది క్రిములను మింగేసే మాక్రోఫేజ్ కణాల్లోనే దాక్కుని, ఏళ్ల తరబడి వాపు రగిలిస్తూనే ఉంటుంది. అలాగే నోటి పోలియో చుక్కల వైరస్‌ను రోగనిరోధక లోపమున్న ఒకరు 28 ఏళ్లు విసర్జించినట్టు 2015లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించారు.

నేను టీకాలకు వ్యతిరేకిని కాను. చుట్టూ ఉన్న పిల్లలంతా వేయించుకుంటేనే మా పాపకు రక్ష. నేను అడిగేది ఒకటే: పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ నుంచి తీసే రక్తపు చుక్కతోనే టి కణాలు సరిగా తయారవుతున్నాయో లేదో చెప్పే ట్రెక్ పరీక్ష కూడా చేయించండి. అన్ని లోపాలూ అందులో దొరకవు, నిజమే. అందుకే లైవ్ టీకాకు (బలహీనపరిచిన సజీవ క్రిములున్న టీకాకు) ముందు, ఇంట్లో పసిపిల్లలెవరైనా ఇన్ఫెక్షన్లతో చనిపోయారా అని నర్సు తప్పక అడగాలి. మానని గడ్డలకు వైరస్ పరీక్ష రాయాలని చర్మ వైద్యులకు చెప్పండి.

ఇట్లు,
ఒక తల్లి