దిండోరి దారిలో కలిసిన కాకాకు

ఫిబ్రవరి చివర్లో నాసిక్ దగ్గర పేరున్న ఓ వైనరీకి బుకింగ్ లేకుండా వెళ్లి, గేటు దగ్గర్నుంచే వెనుదిరిగిన హైదరాబాదీలం మేము. దిండోరి రోడ్డు మీద టీ కొట్టు దగ్గర మా మొహాలు చూసి, "నా వెనకాల రండి" అంటూ బైకు తీశారు మీరు. పేరడగాలన్న తెలివి కూడా లేకపోయింది నాకు.

మీరు పనిచేసే ఆ చిన్న వైనరీలో అప్పుడు షిరాజ్ అనే నల్లద్రాక్ష కోత నడుస్తోంది. ఓ నల్లటి పండు తీసి నా అరచేతిలో చిదిమారు. రసం దాదాపు నీళ్లలా ఉంది! వేళ్లకు అంటిన ఎరుపంతా తొక్కదే. అందుకే రెడ్ వైన్‌ను తొక్కలతో సహా పులియబెడతారని, వైట్‌కు రసం ముందే పిండి వేరుచేస్తారని అప్పుడే తెలిసింది. యూరప్‌లో కోత ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలైతే ఇక్కడ జనవరి నుంచి మార్చి దాకానట. తీగను ఏటా రెండుసార్లు కత్తిరించాలట.

తర్వాత స్టీల్ ట్యాంకు కుళాయి తిప్పి, చల్లటి షెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్ రెండు గుక్కలు పట్టిచ్చారు. గటగటా తాగబోతే ఆపి, "ముందు వాసన చూడు బాబూ" అన్నారు. జామపండు! డ్రైవింగ్ మా ఆవిడది కాబట్టి, పాపం, ద్రాక్షపండ్లతోనే సరిపెట్టుకుంది.

డబ్బులు తీసుకోలేదు మీరు. ధన్యవాదాలు కాకా. తెచ్చుకున్న సీసా మొన్న మిరపకాయ బజ్జీలతో తెరిచాం, భలే కుదిరింది. వచ్చే కోతకు మళ్లీ ఆ టీ కొట్టు దగ్గరే ఆగుతాం.