వంట, ఇంటిపని బడిలో నేర్పండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారిని. సిలబస్ మార్చాలన్న మాట వచ్చిన ప్రతిసారీ కోడింగ్, రోబోటిక్స్, కృత్రిమ మేధ లాంటి పేర్లే వినిపిస్తాయి. అవి వద్దని నేను అనను. కానీ ఆ జాబితాలోకి ఎప్పుడూ ఎక్కని ఒక పాఠం ఉంది, దాని కోసమే ఈ లేఖ. అయిదో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలందరికీ వారానికి రెండు పిరియడ్లు వంట, ఇంటిపని నేర్పించండి. ఇష్టమున్నవాళ్లకే అని వదిలేయొద్దు, ఆడపిల్లలకే అని అసలే అనొద్దు.

పిల్లలు ల్యాబ్‌లోకి వచ్చినప్పుడు నేను వాళ్ల చేతులు గమనిస్తూ ఉంటాను. దహనం అంటే ఏమిటో, మంటకు ఆక్సిజన్ ఎందుకు కావాలో గడగడా అప్పజెబుతారు. తీరా అగ్గిపుల్ల గీయమంటే ఒకరి వెనక ఒకరు దాక్కుంటారు. ధైర్యం చేసి గీసినవాళ్లు కూడా పుల్ల తలను కిందికి వంచి పట్టుకుంటారు. మంట వేళ్ల దాకా పాకగానే కంగారుగా వదిలేస్తారు. పుల్లను అడ్డంగా పట్టుకోవాలని, ఒంటికి దూరంగా గీయాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. బీకరు కడిగి పెట్టమంటే లోపల నీళ్లు ఒకసారి తిప్పి పారబోస్తారు, అడుగున పట్టిన తెల్లటి పొర అలాగే ఉంటుంది. బల్ల తుడవమని గుడ్డ ఇస్తే మురికిని ఈ మూల నుంచి ఆ మూలకు నెట్టి, అయిపోయింది సార్ అంటారు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. "నువ్వెళ్లి చదువుకో, ఇది నేను చూసుకుంటాలే" అని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే పంపించేస్తారు. మేం బడిలో చదువు తప్ప ఇంకేదీ అడగం. అలా పద్దెనిమిదేళ్లు గడిచాక ఒక రోజు పెట్టె సర్దుకుని హాస్టల్‌కో ఉద్యోగానికో వెళ్లిపోతారు. డిగ్రీ దాకా చదివినవాళ్లు ప్యాకెట్ తిండి మీద నెట్టుకొస్తూ, ఉతకాల్సిన బట్టలు మూటగట్టి ఇంటికి తెస్తూ ఉంటారు. ఇష్టమై అలా బతకరు. ఇంకోలా బతకడం చేతకాదు కాబట్టి బతుకుతారు.

"ఇవన్నీ ఇంట్లో నేర్చుకునేవి కదా, బడికేం సంబంధం?" అని తోటి మాస్టార్లు నన్ను అడుగుతుంటారు. మీ అధికారులు కూడా మీకు ఇదే చెప్తారని అనుకుంటున్నాను. ఇంట్లో నేర్చుకుంటారు, నిజమే. ఎవరు నేర్చుకుంటారన్నదే అసలు ప్రశ్న. ఇంటికి వదిలేసిన చోటల్లా ఆ పాఠం ఎక్కువగా ఆడపిల్లకే దక్కుతోంది. అది కూడా పాఠంలా కాదు, బాధ్యతలా. ఆమె గిన్నెలు కడుగుతున్నప్పుడు పక్కగదిలో ఆమె తమ్ముడు హోంవర్క్ చేసుకుంటూ ఉంటాడు. ప్రపంచవ్యాప్తంగా జీతం లేకుండా చేసే ఇంటిపని, సంరక్షణ పనుల గంటల్లో 76.2 శాతం ఆడవాళ్ల వంతేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదికలో లెక్క చెప్పింది. నాలుగింట మూడొంతులకు పైమాటే. ఇంత తేడా వయసొచ్చాక ఒక్కసారిగా పుట్టుకురాదు. పదేళ్ల వయసులో ఎవరి చేతికి చీపురు ఇచ్చాం, ఎవరి చేతికి పుస్తకం ఇచ్చాం అన్న దగ్గరే మొదలవుతుంది.

జపాన్ సంగతి మీకు వివరంగా చెప్పాలి. అక్కడ 1947 నుంచే గృహవిద్య ఒక పాఠ్యాంశం. ప్రాథమిక పాఠశాలలో అయిదు, ఆరు తరగతుల పిల్లలు, మగపిల్లలైనా ఆడపిల్లలైనా, కలిసే నేర్చుకునేవారు. కానీ 1958 నాటి పాఠ్యప్రణాళిక మాధ్యమిక పాఠశాలలో దారి చీల్చింది: అబ్బాయిలకు సాంకేతిక విద్య, అమ్మాయిలకు గృహవిద్య. 1973కి వచ్చేసరికి హైస్కూల్లో గృహవిద్యను ఆడపిల్లలకు మాత్రమే తప్పనిసరి చేశారు. దీన్ని అక్కడి జనం ఊరికే ఒప్పుకోలేదు. అబ్బాయిలకు, అమ్మాయిలకు కలిపి నేర్పాలంటూ 1974లో ఒక పౌర సంఘమే పుట్టింది. మహిళల ఓటుహక్కు కోసం జీవితమంతా పోరాడిన ఇచికావా ఫుసాయే అందులో ముందున్నారు. తర్వాత మహిళలపై వివక్షను రూపుమాపాలన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది. మగపిల్లలకు, ఆడపిల్లలకు ఒకే పాఠ్యప్రణాళిక ఉండాలని ఆ ఒప్పందంలోని పదో అధికరణం చెబుతుంది. 1985లో జపాన్ దానికి ఆమోదముద్ర వేసింది. చివరికి 1993లో మాధ్యమిక పాఠశాలల్లో, 1994లో హైస్కూళ్లలో గృహవిద్య అందరికీ తప్పనిసరి అయింది. ఇన్ని దశాబ్దాల పోరాటం దేనికండీ? అబ్బాయి కూడా ఆ గదిలోకి రావడానికి. మనం ఇప్పుడు కొత్తగా మొదలుపెడుతున్నాం కాబట్టి ఆ తప్పు చేసి, మళ్లీ దిద్దుకోవాల్సిన అవసరం లేదు. మొదటి రోజు నుంచే అందరూ ఉండాలి.

ఫిన్లాండ్‌లో ఏడో తరగతి పిల్లలందరికీ గృహవిద్య తప్పనిసరి. ఇంగ్లండ్‌లో 2014 సెప్టెంబరు నుంచి వంట, పోషణ జాతీయ పాఠ్యప్రణాళికలో భాగమయ్యాయి. చదువులో వెనకబడిన దేశాలని వీటిని ఎవరూ అనరు.

ఇక సైన్సు మాస్టారుగా నా స్వార్థం ఒకటుంది. వంటగదిని మించిన ల్యాబ్ నాకు కనిపించలేదు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పట్టా పుచ్చుకున్న మొదటి మహిళ ఎలెన్ స్వాలో రిచర్డ్స్ (1873) కూడా ఇదే నమ్మారు. నీళ్లలో, ఆహారంలో కలుషితాలను పరీక్షించిన రసాయన శాస్త్రవేత్త ఆమె. ఆ శాస్త్రాన్ని ఇంట్లోకి తేవాలని గృహవిజ్ఞాన శాస్త్రానికి పునాది వేశారు.

నూనె మూకుడు అంటుకుంటే ఏం చేయాలని పిల్లల్ని అడిగి చూడండి. నీళ్లు పోస్తాం అంటారు. నీళ్లు నూనె కన్నా బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి. అక్కడి వేడికి క్షణంలో ఆవిరై, దాదాపు 1,700 రెట్లు వ్యాకోచించి, మండే నూనెను గదంతా ఎగజిమ్ముతాయి. ఇందులో సాంద్రత ఉంది, బాష్పీభవనం ఉంది, వ్యాకోచం ఉంది. మూడూ మేం చెప్పిన పాఠాలే, మూడింట్లోనూ మార్కులు వచ్చాయి. అయినా స్టవ్ ఆపి, మూకుడు కదపకుండా మూత పెట్టాలన్న సంగతి మాత్రం తెలియదు. చెయ్యి కాలితే ఇరవై నిమిషాలు చల్లటి కుళాయి నీటి ధార కింద ఉంచాలని తెలియదు, టూత్‌పేస్టు కోసం పరిగెడతారు. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు. బాత్రూం కడిగే యాసిడ్‌తో బ్లీచింగ్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. ఇవి తెలియకపోతే ప్రాణాలే పోతాయి.

వండిన అన్నం సంగతే చూడండి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు (వేడిని తట్టుకుని నిద్రాణంగా ఉండే విత్తనాల్లాంటి రూపాలు) ఉండొచ్చు. అన్నం ఉడికినా అవి చావవు. గిన్నెను గంటల తరబడి బయట వదిలేస్తే మొలకెత్తి, పెరిగి, విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకే వండిన పదార్థాన్ని మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దని, 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కలుషిత ఆహారం వల్ల ఏటా 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారని, 4,20,000 మంది చనిపోతున్నారని అదే సంస్థ 2015లో అంచనా వేసింది. చనిపోయేవాళ్లలో 1,25,000 మంది అయిదేళ్లలోపు పిల్లలు. పచ్చి మాంసం కోసిన పలక మీదే కూరగాయలు తరగొద్దు, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కో. పదేళ్ల పిల్లకు అర్థంకాని మాటలు కావివి.

ఇప్పుడు నా భయం చెబుతాను. మీరు ఈ మాట ఒప్పుకున్నారనుకుందాం. శాఖ నుంచి ఒక ఉత్తర్వు వస్తుంది, ఒక పాఠ్యపుస్తకం అచ్చవుతుంది, దాని వెనకాలే గైడు వస్తుంది. "వంట చేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు అయిదు రాయండి" అని అయిదు మార్కుల ప్రశ్న పడుతుంది. పిల్లలు బట్టీపట్టి రాసేస్తారు, ఒక్కడూ కత్తి పట్టుకోడు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పినట్టే. దయచేసి దీనికి రాత పరీక్ష పెట్టకండి. ర్యాంకులు వద్దు, గ్రేడ్లు వద్దు. ఏడాది చివర ఈ పిల్ల ఏమేం చేయగలదో ఒక కాగితం మీద రాసిస్తే చాలు: స్టవ్ జాగ్రత్తగా వెలిగించగలదు, సాదా భోజనం ఒక పూటకు వండగలదు, చొక్కా ఉతికి ఇస్త్రీ చేయగలదు, కరెంటు మీటరు చూసి యూనిట్లు లెక్కకట్టగలదు.

చేతులతో నేర్చుకోవడం అంటే ఏమిటో నేను కళ్లారా చూశాను. బడి వదిలాక ఇష్టమున్న పిల్లలకు ఇలాంటి పనులు కొన్ని చూపిస్తుంటాను. ఒక ఏడో తరగతి కుర్రాడు తన చొక్కాకి ఊడిన గుండీ కుట్టుకుంటున్నాడు. దారం బిగించి బిగించి కుట్టాడు, గట్టిగా ఉంటుందని. తీరా పెట్టుకోబోతే గుండీ కాజాలోకి దూరడం లేదు, కింద గుడ్డ ముడతలు పడిపోయింది. అంతా విప్పించాను. ఈసారి గుండీ మీద ఒక అగ్గిపుల్ల అడ్డంగా పెట్టి, దారాన్ని దాని మీదుగా పోనిచ్చి కుట్టమన్నాను. నాలుగైదు సార్లు పోయాక పుల్ల లాగేస్తే గుండీ కాస్త వదులై పైకి లేస్తుంది. అప్పుడు గుండీకీ గుడ్డకీ మధ్యన దారాన్ని రెండు మూడు చుట్లు తిప్పి ముడివేస్తే సన్నటి కాడలా నిలబడుతుంది. కాజా గుడ్డ సరిగ్గా అక్కడ ఇముడుతుంది. వాడు గుండీ పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. నేను ఏదో చెప్పబోతుంటే వినకుండా పక్కవాడి దగ్గరికెళ్లి "అరే, పుల్ల పెట్టి కుట్టాలిరా" అని మొదలెట్టాడు. క్లాసులో నోరు విప్పని పిల్లవాడు వాడు. నా సైన్సు పాఠాల్లో దేనికీ వాడి ముఖం అలా వెలగలేదు.

కత్తి, నిప్పు అనగానే తల్లిదండ్రులకు టెన్షన్ రావడం సహజం. పదిహేను మందికి మించకుండా ఒక్కో జట్టు ఉంటే, పక్కనే పెద్దవాళ్లు నిలబడితే ఆ ప్రమాదం అదుపులోనే ఉంటుంది. పిల్లల ఎత్తుకు తగిన బల్లలు కావాలి. పెద్దవాళ్ల గట్టు దగ్గర పదేళ్ల పిల్ల భుజాలు పైకెత్తి తరగాల్సి వస్తుంది, అప్పుడే కత్తి జారుతుంది. మొద్దుకత్తి ఇస్తే క్షేమమనుకోవడం కూడా పొరపాటు, బలం ఎక్కువ పెట్టాల్సి రావడంతో అదే ఎక్కువ జారుతుంది. వేళ్లు లోపలికి ముడిచి కూరగాయను పట్టుకోవడం ముందు నేర్పాలి, కత్తి తర్వాత. అయిదో తరగతిలో తొక్క తీయడం, తరగడం, ఊడ్చి తుడవడం, మడతపెట్టడం. స్టవ్ ఆరో తరగతిలో. ఇంత చిన్నపిల్లలకా అని అనేవాళ్లకు ఒక మాట. 1907లో రోమ్‌లో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి తెరిచిన 'పిల్లల ఇల్లు' అనే మొదటి కేంద్రంలో బడి ఈడు కూడా రాని పసివాళ్లు నీళ్లు ఒంపడం, గుండీలు పెట్టుకోవడం, గది శుభ్రం చేసుకోవడం నేర్చుకున్నారు.

కడగడం కూడా పాఠంలో భాగమే కావాలి. వండి, తిని, గిన్నెలు ఆయమ్మకు వదిలేసి వెళ్లే పిరియడ్ మనకొద్దు. గది తుడిచి, బట్ట పిండి ఆరేసి, చెత్తను తడి పొడి వేరుచేశాకే గంట కొట్టాలి. జపాన్ బళ్లలో పిల్లలు తోటివాళ్లకు మధ్యాహ్న భోజనం వడ్డించి, తమ తరగతి గదిని తామే శుభ్రం చేసుకుంటారు.

టీచర్ల విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ పిరియడ్‌ను "లేడీ టీచర్లు ఉన్నారు కదా" అని వాళ్ల నెత్తిన వేయకండి. అలా వేసిన రోజున పాఠం ఏం చెప్పినా, పిల్లలు నేర్చుకునేది పాతదే. నాలాంటి మగ మాస్టార్లు కూడా ఏప్రాన్ కట్టుకుని ఆ గదిలో నిలబడాలి. శిక్షణ ఇవ్వండి, పిరియడ్లు లెక్కలో చూపించండి, సామాన్లకు, సరుకులకు బడ్జెట్‌లో ఒక పద్దు పెట్టండి. సరుకులకు డబ్బు లేకపోతే టీచరు జేబులోంచి పెట్టుకుంటాడు, లేకపోతే ఆ పిరియడ్‌లో లెక్కలు చెప్పేస్తారు. రెండూ జరక్కూడదు.

ఏడాదికోసారి ఫుడ్ ఫెస్టివల్ పెట్టి, ఇంట్లో అమ్మ చేసిచ్చిన వంటకాన్ని పిల్లల చేతిలో పెట్టి ఫొటోలు దిగడం మాకు చేతకాక కాదు. అది ఇప్పటికే చాలా బళ్లలో జరుగుతోంది. నేను అడుగుతున్నది టైమ్‌టేబుల్లో చోటు.

అన్ని బళ్లలో ఒక్కసారిగా మొదలుపెట్టడం కష్టమని నాకూ తెలుసు. ముందు కొన్ని ప్రభుత్వ పాఠశాలలు ఎంచుకోండి, కుళాయి, గాలి వెలుతురు ఉన్న ఒక్కో గది ఇవ్వండి, ఒక విద్యా సంవత్సరం నడిపించి చూడండి. ఏ పిల్లకు ఏ పదార్థం పడదో, ఏ ఇంట్లో ఏది తినరో ముందే తల్లిదండ్రులను అడిగి రాసిపెట్టుకునే ఏర్పాటు చేయండి. మధ్యలో ఒకసారి మీరే వచ్చి ఒక పిరియడ్ మొత్తం కూర్చోండి. సిలబస్ ముసాయిదా రాసే కమిటీలో పాఠం చెప్పే టీచర్లకు చోటిస్తే, సెలవుల్లో వచ్చి పనిచేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సైన్సు ఉపాధ్యాయుడు