బజ్జీల కింద పేపర్ వేయొద్దని మీరే చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో ఆరోగ్యం పేజీ వదలకుండా చదువుతాను, ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ మధ్య ఎక్కడ చూసినా ఒంట్లో విషాలను కడిగేసే జ్యూసులు, పొడులు, మూడు రోజుల ఉపవాసాలే. వాట్సాప్‌లో అవే, టీవీలో అవే, మీ ఆదివారం పేజీల్లోనూ అప్పుడప్పుడు అవే. కడిగే పని మన కాలేయం, కిడ్నీలు ఎటూ చేస్తూనే ఉన్నాయి. రోజూ మన చేతులతో మనం లోపలికి పంపిస్తున్నదేమిటో చూసుకునేవాళ్ళే తక్కువ. అలా పంపేవాటిలో మీ పత్రిక కూడా ఉంది కాబట్టే ఈ మాట మీకు చెబుతున్నాను.

సాయంత్రం ఏ బజ్జీల బండి దగ్గరైనా నిలబడి చూడండి. మూకుట్లోంచి తీసిన మిరపకాయ బజ్జీలు నేరుగా పేపర్ ముక్క మీదికి వస్తాయి. ఇంట్లో మనం చేసేదీ అదే. పూరీలు, గారెలు, అప్పడాలు వేయించగానే నూనె పీల్చుకుంటుందని ముందు రోజు పేపర్ పరిచి దాని మీద వేస్తాం, పిల్లలు అక్కణ్ణించే తీసుకుని తింటారు. వేడికీ నూనెకీ అచ్చు సిరా తిండికి అంటుకుంటుంది. ఆ సిరాలో సీసం లాంటి లోహాలు, ఒంటికి పడని రసాయనాలు ఉండొచ్చు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లోనే ఈ సంగతి హెచ్చరించి, 2023 సెప్టెంబరులో మళ్ళీ చెప్పింది. తిండి చుట్టడానికీ వడ్డించడానికీ దాచడానికీ న్యూస్‌పేపర్ వాడకూడదనీ, వేయించిన వాటి నూనె పీల్చడానికి కూడా వాడకూడదనీ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఇంత స్పష్టంగా ఉన్న సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు. బండి నడుపుకునేవాళ్ళని తప్పుపట్టి లాభం లేదు, వాళ్ళకి కిలోల లెక్కన చవగ్గా దొరికేది అదే, వద్దని చెప్పినవాళ్ళూ లేరు. అందుకని నా మొదటి విన్నపం ఏమిటంటే, ప్రతి రోజూ పేపర్లో ఏదో ఒక మూల "ఈ కాగితంలో తినే పదార్థాలు చుట్టవద్దు" అని ఒక్క లైను వేయండి. ఆ కాగితం బజ్జీల బండి దాకా ఎటూ వెళ్తుంది కదా, ఆ మాట కూడా దానితో పాటే వెళ్తుంది.

రెండోది సాంబారు కవర్లు. పొగలు కక్కే సాంబారుని పలచటి ప్లాస్టిక్ కవర్లో పోసి, గిర్రున తిప్పి ముడేసి ఇస్తున్నారు, ఆ కవరు చేత్తో పట్టుకోలేం, అంత వేడిగా ఉంటుంది. వేడి, నూనె, చింతపండు పులుపు మూడూ కలిస్తే ప్లాస్టిక్‌లోని రసాయనాలు ఇంకా తేలిగ్గా తిండిలోకి దిగుతాయి. కాగితపు కప్పులు మంచివనుకుని వాటిలో టీ తాగుతున్నాం, వాటి లోపలా సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పోసి 15 నిమిషాలు ఉంచితే పాతిక వేల దాకా సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులో కలుస్తాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు చూపించారు. అవి ఒంట్లో ఏ మేరకు హాని చేస్తాయో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చే పనిలో ఉన్నారు, కానీ తేలేదాకా మన పిల్లల మీద ప్రయోగం చేయాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. ఇంట్లో స్టీలు క్యారియర్ లేనివాళ్ళు ఎవరూ ఉండరు. మా వీధి చివర టిఫిన్లు అమ్మే ఆవిడ, గిన్నె తీసుకెళ్తే కవరు ఖర్చు మిగిలిందని ఇంకో గరిటె సాంబారు ఎక్కువే పోస్తారు.

పాతకాలం పద్ధతులన్నీ మంచివనే మాట కూడా ఇప్పుడు బాగా వినిపిస్తోంది. నాకూ వాటి మీద గౌరవం ఉంది, కానీ పాతవాళ్ళు చేసింది పూర్తిగా తెలుసుకుని చేయాలి. రాగి చెంబులో నీళ్ళు తాగడం ఫ్యాషన్ అయింది కదా, అందులోనే నిమ్మరసం, మజ్జిగ పోసుకుని తాగేవాళ్ళని చూస్తున్నాను. పులుపు తగిలితే రాగి కరుగుతుంది, వాంతులు, కడుపునొప్పి వస్తాయి. మా అమ్మమ్మ ఇత్తడి గిన్నెలకి కళాయి, అంటే లోపల తగరం పూత, పోయించకుండా పులుసు కాచేది కాదు, ఊరగాయ జాడీలోనే తప్ప ఇంకెందులోనూ పెట్టేది కాదు. గిన్నె మాత్రం గుర్తుపెట్టుకుని కళాయి మర్చిపోయాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా పచ్చళ్ళు, సాంబారు లాంటి పుల్లటి వాటిని అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిల్వ ఉంచొద్దనే ఉంది. పసుపు సంగతీ అంతే. సహజమైనదని పాలల్లో కలిపి పిల్లలకి పడుతున్నాం, రంగు నిగనిగలాడటానికి పసుపులో సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలిపే మోసాలు మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ పట్టుబడ్డాయి. సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది, దానికి ఇంత వరకూ పరవాలేదు అనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. రంగు చూసి విడిగా పొడి కొనడం కంటే పసుపు కొమ్ములు కొని మరపట్టించుకోవడం నయమని నా అభిప్రాయం.

ఇక తిండి. ఖరీదైన గింజలు, విదేశీ పళ్ళు ఏవీ అక్కర్లేదు. తోటకూర పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండుకుంటే అందులో ఇనుము ఒంటికి బాగా పడుతుంది, అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుమే సరిగ్గా పట్టదు, ఒక గంట ఆగాలి. అన్నం గంజి వార్చేస్తే బీ విటమిన్లు కాలవలోకి పోతాయి. ఉప్పు మనిషికి రోజుకి 5 గ్రాములు దాటొద్దంటారు, ఆవకాయ, అప్పడం, వడియాలు కలిపితే మన ఇళ్ళలో మధ్యాహ్నానికే అది అయిపోతుంది. పండక్కి అరిసెలు వండిన నూనెని నెల రోజులు తాలింపుల్లో వాడటం కూడా మానాలి. పిల్లలకి ముందు ఇవి చెప్పండి.

ఇంట్లో గాలి, సామాన్ల గురించి ఎవరూ రాయడం లేదు కాబట్టి అదీ చెబుతాను. బాత్రూం కడిగేటప్పుడు యాసిడ్ పోసి, దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు చాలామంది. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు వేసుకుని కడిగే ఆడవాళ్ళకి ప్రాణం మీదికి వస్తుంది. ఒక దోమల కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో ఒక పరిశోధన తేల్చింది. కిటికీలు మూసిన గదిలో పసిపిల్లల మంచం కింద అది పెడుతున్నాం, దోమతెర మాత్రం అటక మీద ఉంది. కలరా ఉండల గురించైతే కాన్పుకి పుట్టింటికి వచ్చిన ప్రతి అమ్మాయికీ తెలియాలి. బీరువాలో ఆ ఉండల మధ్య దాచిన మెత్తటి పాత చీరలు తీసి పసిబిడ్డకి పొత్తిళ్ళుగా వేస్తాం. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకి ఆ వాసన, ఆ స్పర్శ చాలు, రక్తకణాలు విరిగిపోయి కామెర్లు ముదురుతాయి. ఆ లోపం ఉన్నట్టు పరీక్ష చేస్తే తప్ప తెలియదు. కాబట్టి బిడ్డ కోసం దాచే గుడ్డల్లో ఆ ఉండలు అసలు వేయకూడదు. ముందే వేసిన గుడ్డలైతే పక్కన పెట్టేసి, వేరేవి ఉతికి ఎండేసి వాడండి.

ఇవన్నీ విడివిడిగా ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు రాసే ఉంటారు. గిన్నె, గాలి, గుడ్డ, తిండి అన్నీ కలిపి ఒక ఇంటిని చూసినట్టు రాస్తే మా లాంటివాళ్ళకి పనికొస్తుంది. వారానికి అర పేజీ చాలు. పోషకాహార సంస్థ వాళ్ళ చేతో, ఆహార భద్రతా అధికారుల చేతో, పిల్లల డాక్టర్ల చేతో మామూలు మాటల్లో రాయించండి. పాఠకులు ప్రశ్నలు పంపితే వాళ్ళే జవాబులు ఇచ్చేలా చూడండి. మొదటి వారానికి ప్రశ్న నేనే పంపుతున్నాను: బజ్జీల బండివాళ్ళకి పేపర్ బదులు చవగ్గా దొరికేది ఏమిటి, మోదుగాకు, బాదం ఆకు, అరిటాకు లాంటివి పట్నాల్లో వాళ్ళకి రోజూ అందేలా మున్సిపాలిటీలు ఏమైనా చేయగలవా?

ఇట్లు,
మీ పాఠకురాలు,
తెనాలి