నీ 4017 కాలిపోలేదు

చిన్నా,

రాత్రి ఫోన్‌లో "ఐసీ కాలిపోయిందమ్మా, కొత్తది ఆర్డర్ పెడుతున్నా" అన్నావు. పెట్టకు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో పెద్దది చేసి చూశాను. 4017, అదే పల్సులు లెక్కపెడుతూ నీ పది ఎల్ఈడీలను వంతులవారీగా వెలిగించే ఐసీ, నిక్షేపంగా ఉంది. పిన్ నంబర్లు ఫోన్‌లో చెబితే కలగాపులగం అయిపోతాయి, అందుకే రాస్తున్నాను. ఈ కాగితం బోర్డు పక్కన పెట్టుకుని చెయ్యి.

పది ఎల్ఈడీలూ ఒకేసారి మసకగా వెలుగుతున్నాయన్నావు కదా. నిజానికి అవి ఒకదాని తర్వాత ఒకటే వెలుగుతున్నాయి, కాకపోతే కంటికి అందనంత వేగంగా. ఆ పల్సులు పుట్టించే ఐసీ 555 కదా, దాని పక్కన నువ్వు గుచ్చిన చిన్న గోధుమరంగు బిళ్ల, అంటే కెపాసిటర్, మీద 104 అని ఉంది చూడు. 10 పక్కన నాలుగు సున్నాలు, లక్ష పికోఫారడ్లు, అంటే 0.1 మైక్రోఫారడ్. అక్కడ ఉండాల్సింది 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. 555 2వ పిన్నూ 6వ పిన్నూ కలిసే చోట దాని పొడుగు కాలు, తెల్ల గీత వైపు కాలు గ్రౌండ్‌కి.

లెక్క నువ్వే వేసి చూడు. మొదటి రెసిస్టర్‌కి రెండోదాన్ని రెండింతలు చేసి కలిపి, కెపాసిటర్‌తో హెచ్చవేసి, వచ్చినదానితో 1.44ని భాగిస్తే సెకనుకు ఎన్ని పల్సులో తెలుస్తుంది. నీవి 1కె, 10కె. 10 మైక్రోఫారడ్‌కి దాదాపు 7 పల్సులు, 104కి దాదాపు 690. ఒక్కో ఎల్ఈడీ సెకనుకు 69 సార్లు వెలిగి ఆరుతుంటే కన్ను పట్టుకోలేదు. వెలిగేది కూడా పదో వంతు సమయమే, అందుకే ఆ మసక. పదీ అంత సమానంగా ఉన్నాయంటేనే ఐసీ చక్కగా లెక్కపెడుతోందని అర్థం.

ఇప్పుడు ఒక పని చెయ్యి. 10 కూడా వద్దు, ముందు 100 మైక్రోఫారడ్ పెట్టు. ఒక్కో అడుగుకీ సెకనున్నర పడుతుంది. మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి నల్ల తీగ గ్రౌండ్‌కి, ఎర్ర తీగ 555 6వ పిన్‌కి ఆనించు. అంకె 3 దగ్గర నుంచి మెల్లగా 6 దాకా ఎక్కుతుంది, మళ్లీ 3కి దిగుతుంది. 9 వోల్టుల బ్యాటరీకి లెక్క ఇది, కాస్త వాడేసినదైతే ఆ మేరకు తగ్గి కనిపిస్తుంది. 555 లోపల సమానమైన మూడు రెసిస్టర్లు వరసగా ఉండి సప్లైని మూడు భాగాలు చేస్తాయి, కెపాసిటర్ మూడింట ఒక వంతుకీ మూడింట రెండు వంతులకీ మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. 1971లో హాన్స్ కామెన్‌జిండ్ అనే ఇంజినీర్ సిగ్నెటిక్స్ కంపెనీ కోసం దీన్ని డిజైన్ చేశాడు. ఇన్నేళ్ల తర్వాత నీ హాస్టల్ టేబుల్ మీద, నీ మీటర్‌లోనే అది కనిపిస్తుందంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఆ అంకె కదలడం చూడకుండా మాత్రం ముందుకెళ్లకు.

ఇక చెయ్యి దగ్గరికి తెస్తే ఒక్క ఎల్ఈడీ గట్టిగా వెలిగి మిగతావి ఆరిపోతున్నాయన్నది. నిన్ను భయపెట్టింది అదే అనుకుంటా. ఫొటోలో 4017 15వ పిన్, అంటే లెక్కని మొదటికి తెచ్చే రీసెట్, గ్రౌండ్‌కి ఉంది, 13వది మాత్రం గాల్లో ఉంది. 13 అంటే లెక్క ఆపే పిన్. ఇది సీమాస్ రకం ఐసీ, దీని ఇన్‌పుట్‌లు చాలా సున్నితం. దేనికీ కలపని ఇన్‌పుట్ మన ఒంట్లోకి ఇంటి కరెంటు నుంచి వచ్చే హమ్‌ని, అంటే ఆ చిన్న అలజడిని కూడా సిగ్నల్ అనుకుంటుంది. చిన్న వైరు ముక్కతో 13ని గ్రౌండ్ చెయ్యి, ఆ గొడవ వదిలిపోతుంది.

కెపాసిటర్ మార్చగానే ఇంకోటి బయటపడుతుంది, కంగారు పడకు. వెలుగు వరసగా నడవకుండా కప్పలా అటూ ఇటూ గెంతుతుంది. నువ్వు ఎల్ఈడీలను పిన్ నంబర్ల వరసలో పెట్టావు. 4017 లెక్కపెట్టే వరస వేరు: 3, 2, 4, 7, 10, 1, 5, 6, 9, 11. ఎల్ఈడీలను కదపకు, వైర్లు మార్చు చాలు. అన్నట్టు, ఏ క్షణంలోనైనా వెలిగేది ఒక్కటే కాబట్టి పదికీ కలిపి ఒక్క 1కె రెసిస్టర్ సరిపోతుంది, బోర్డు మీద చోటు మిగులుతుంది.

తీసిన ఆ 104ని పారెయ్యకు. 555కి ఆనుకుని ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య గుచ్చు. 555 అవుట్‌పుట్ మారేటప్పుడు ఒక్క క్షణం కరెంటు గట్టిగా లాగుతుంది, ఆ కుదుపుకి 4017 ఒక్కోసారి రెండు అడుగులు వేసేస్తుంది. మా టెస్టింగ్ బెంచీ మీదకి పనిచేయని బోర్డు వస్తే ముందు ఐసీ కాళ్ల దగ్గరే సప్లై చూస్తాం, తర్వాత క్లాక్, అంటే లెక్కకి అందే పల్సులు, తర్వాత రీసెట్. ఐసీ మీద అనుమానం అన్నిటికన్నా చివర.

వినాయక చవితి మండపానికి దీంతోనే సీరియల్ సెట్లు ఆడిస్తానన్నావు. 230 వోల్టుల సెట్ల జోలికి వెళ్లకు నాన్నా. తడి నేల, పిల్లలు, రేకుల పందిరి, నాకు తలుచుకుంటేనే టెన్షన్. పన్నెండు వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్ అర మీటరు ముక్కలు ఆరు తీసుకో, మంచి అడాప్టర్ పెట్టు, మొత్తం ఆ పన్నెండు మీదే నడుస్తుంది. 4017 స్ట్రిప్‌ని నేరుగా మోయలేదు, మధ్యలో ఎక్కువ కరెంటు మోసే ఐసీ యూఎల్ఎన్ 2003 ఉండాలి. స్ట్రిప్ ప్లస్ అడాప్టర్‌కి, మైనస్ యూఎల్ఎన్ అవుట్‌పుట్‌కి, యూఎల్ఎన్ 8వ పిన్ గ్రౌండ్‌కి. అప్పుడు చిన్న ఎల్ఈడీలు తీసేయ్. 4017 15వ పిన్‌ని గ్రౌండ్ నుంచి తప్పించి దాని 5వ పిన్‌కే కలిపితే ఆరో ముక్క వెలిగాక మళ్లీ మొదటికి వస్తుంది.

శనివారం కోఠి వెళ్తున్నాను, గుజరాతీ గల్లీలో యూఎల్ఎన్‌లు రెండు తీసుకుంటాను. అడాప్టర్ కూడా నేనే చూసి కొంటా, నువ్వు కొనకు. ఇంకేమైనా కావాలంటే శుక్రవారం రాత్రిలోగా చెప్పు. 13వ పిన్ గ్రౌండ్ చేశాక వీడియో తీసి పంపు, చెయ్యి దగ్గరగా పెట్టి తియ్యి.

అమ్మ